తునక ఆరేదాకా

నాన్న పోయిన ఇరవయ్యో రోజున రంగుల షెడ్డు తాళాలు నా చేతికొచ్చాయి. చేతికొచ్చాయనడం కూడా గొప్పే. మా మేనత్త ఆ గుత్తిని నా కంచం పక్కన పడేసి, "అమ్మేస్తావో, నడుపుతావో, ఈ వానలు వెలిసేలోగా తేల్చుకో. నా మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగవు" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను అప్పటికి వేరే ఊళ్ళో హైస్కూలు పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. మూడు నెలలు సెలవు పెట్టి వచ్చాను. షెడ్డు మీద ప్రేమ కారిపోయి కాదు. ఎనిమిది మంది పనివాళ్ళను ఒక్క సంతకంతో ఇంటికి పంపేయడానికి మనసొప్పలేదు. ఆ ఎనిమిది మందీ బతికేది ఒక్క ఆర్డరు మీద. పెద్దాసుపత్రి నర్సుల యూనిఫారాల గుడ్డకు లేతనీలం వేసేది ముప్పై ఏళ్ళుగా మేమే. నెలకు ఆరువందల మీటర్లు. అది ఉంటే షెడ్డు ఉంటుంది, పోతే ఆ స్థలం గోడౌను కోసం ఎదురుచూస్తున్న సిమెంటు వ్యాపారి పాలవుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని మొదట చెప్పకపోవడం నా గడుసుతనం. షెడ్డులో రంగులు కలిపే మాస్టరు ఉన్నాడు. ఊరంతా అతన్ని మాస్టరనే అంటుంది. ఎనిమిదేళ్ళ కిందట నేను అతన్ని పెళ్ళి చేసుకోబోయాను. నాకు ఉద్యోగం వచ్చిన ఊరికి ఇద్దరం కలిసి వెళ్ళి, అక్కడే రిజిస్టరు చేసుకోవాలనుకున్నాం. నాన్న కూడా సరేనన్నారు. పొద్దున్న ఏడింటి బస్సుకు వస్తానన్నాడు. రాలేదు. ఎనిమిదిన్నర బస్సు వదిలేసి, పది గంటల బస్సెక్కాను. తర్వాత అతని దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. రెంటినీ విప్పకుండానే తిప్పి పంపాను.

మొదటిరోజు షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అతను మూడో తొట్టి దగ్గర నిలబడి కర్రతో గుడ్డ తిప్పుతున్నాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

"నమస్కారమండీ" అన్నాడు.

ఒకప్పుడు నన్ను 'ఏయ్' అని తప్ప పిలిచి ఎరగడు.

"నమస్కారం మాస్టరుగారూ. పని కానివ్వండి" అన్నాను నేనూ తగ్గకుండా.

అత్తయ్య దండేల దగ్గర్నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అబ్బో! ఇంత మర్యాద ఈ షెడ్డులో ఎప్పుడూ వినలేదు. నన్ను కూడా కాస్త అండీ అనండర్రా, వింటాను."

"మిమ్మల్ని ఎప్పుడూ అంటూనే ఉన్నాను కదా, పెద్దమ్మగారూ" అన్నాడతను తల ఎత్తకుండా.

మా షెడ్డులో రంగు తేల్చే పద్ధతి ఒకటుంది. గుడ్డను తొట్టిలోంచి తీసేముందు అంచు నుంచి రెండు వేళ్ళ వెడల్పు తునక చింపుతారు. దాన్ని మంచినీళ్ళలో జాడించి, ఉత్తరపు కిటికీ దగ్గరున్న మేకుకు తగిలిస్తారు. అది గాలికి తనంతట తానే ఆరాలి. తడిగుడ్డ ఎప్పుడూ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి తడిమీద తేల్చకూడదు. ఇస్త్రీపెట్టె వేడికి రంగు కాస్త మారుతుంది కాబట్టి దాన్నీ తాకనివ్వకూడదు. ఆరిన తర్వాతే పాత తునక పక్కన పెట్టి చూస్తారు. సరిపోతే తునకల పుస్తకంలో అతికించి, నూరు మీటర్లకు ఎన్ని గ్రాముల పొడి వేశారో పక్కన రాస్తారు. వానాకాలంలో తునక ఆరడానికి గంటన్నర పడుతుంది. అంతసేపూ తొట్టి కింద మంట తగ్గించి, గుడ్డను మెల్లగా తిప్పుతూ కూర్చోవాలి. నాకు అది వట్టి చాదస్తంగా తోచింది. కొలత రాసిపెట్టి ఉంది, కాటా ఉంది, ఇక కిటికీతో పనేమిటి?

మొదటి నెల గుడ్డ అతనే వేశాడు. ఆసుపత్రి నుంచి మాట రాలేదు. మాట రాలేదంటే సరిపోయిందని అర్థం. ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇంకో నెలన్నర. వచ్చే నెల కాక ఆపై నెల ఒకటో తారీఖున నది అవతలి మిల్లులో చేరుతున్నాను. మీ నాన్నగారు ఉన్నంతకాలం ఉంటానన్నాను. ఉన్నాను."

"మంచిది" అన్నాను. "మంచి జీతమేనా?"

"మంచిదే."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఎనిమిదేళ్ళు తిట్టుకున్న మనిషి వెళ్ళిపోతానంటే నాకు బాధెందుకని నన్ను నేనే చివాట్లు పెట్టుకున్నాను. ఆ బాధ మాత్రం పోలేదు.

*

మరుసటి నెల రెండో వారంలో, రంగు పట్టడానికి తొట్లలో వేసే సోడా నిండుకుంది. షెడ్డు వెనకాల చిన్న కొట్టుగది ఉంది. దానికి తాళం. నా గుత్తిలో ఆ తాళంచెవి లేదు.

"అది మాస్టరు దగ్గరుంటుంది" అంది అత్తయ్య.

"నాన్న దగ్గర ఎందుకు లేదు?"

"నన్నడిగితే?" అంది. అత్తయ్య ఎదురు ప్రశ్న వేసిందంటే ఆ దారి మూసేసినట్టే.

మాస్టరు ఆ రోజు పొడి తేవడానికి బజారుకెళ్ళాడు. నేను ఓ సుత్తి తెప్పించి తాళం పగలగొట్టించాను. లోపల సోడా లేదు. అరల మీద కిలో డబ్బాలున్నాయి, వరసగా, మూతలకు మైనం వేసి. అన్నీ ఆసుపత్రి నీలం పొడే. ఇరవై ఒక్కటి. ఒక్కోదాని మీదా నెలా సంవత్సరమూ చిన్న అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆ చేతిరాత నాకు బాగా తెలుసు. పాతికేళ్ళ వయసులో, చదువుకునే ఊళ్ళో ఉండి, ఆ రాత కోసం పోస్టుమాన్ దారి కాచినదాన్ని.

కడుపు మండిపోయింది. నాన్న ఏడాదేడాదికీ పొడి ఎక్కువెక్కువ కొంటున్నారని అత్తయ్య అప్పుడప్పుడు సణుగుతూ ఉండేది. అది ఎటు పోయిందో ఇప్పుడు తెలిసింది కదా అనుకున్నాను. రేపు మిల్లుకెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళే సరుకన్నమాట.

అతను తిరిగొచ్చేసరికి డబ్బాల్లో ఒకటి తెచ్చి కాటా పక్కన పెట్టాను. పనివాళ్ళు చుట్టూ ఉన్నారు. వాళ్ళు ఉండటం నాకు నచ్చింది కూడా. బస్సు స్టాండులో నన్ను పదిమందీ చూశారు, ఇప్పుడు అతన్ని చూడనీ అనిపించింది.

"దీన్నేమంటారు మాస్టరుగారూ?"

అతను డబ్బా వైపు, తర్వాత విరిగిన తాళం వైపు చూశాడు.

"నీలం పొడి అంటారు."

"మా ఊళ్ళో దొంగతనం అంటారు."

దండెం మీద గుడ్డ సర్దుతున్న అత్తయ్య చెయ్యి ఆగింది. రేకుల మీద వాన ఒక్కటే చప్పుడు.

"నేనొక్క గ్రాము బయటికి తీసుకెళ్ళలేదు" అన్నాడు.

"మరి ఎందుకు దాచారు?"

నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నీళ్ళు నమలడం అతని స్వభావం కాదు. నాకు అనుమానం ఇంకా గట్టిపడింది.

"సరే. ఇవాళ్టి నుంచి పొడి నేను తూస్తాను. పుస్తకంలో ఎంతుంటే అంత. గ్రాము ఎక్కువ వద్దు, గ్రాము తక్కువ వద్దు."

"పుస్తకంలో ఉన్నట్టేనా?"

"ఉన్నట్టే."

"నాన్నగారు చివర రాసిన కొలతా?"

"చెవిటివాడి ముందు శంఖం ఊదుతున్నానా ఏమిటి? అదే."

అతను కాసేపు నా మొహంలోకి చూశాడు. నేను వచ్చిన తర్వాత సూటిగా చూడటం అదే మొదటిసారి. "అలాగేనండీ" అన్నాడు.

*

ఆ నెల గుడ్డ వేసిన రోజు మబ్బు షెడ్డు మీదే కూర్చున్నట్టుంది. పొద్దున పదింటికే ట్యూబులైట్లు వేయాల్సి వచ్చింది. పుస్తకంలో నూరు మీటర్లకు నూట తొంభై అని ఉంది, నాన్న వణుకు రాతలో. తూచాను. కరిగించాను. నాలుగు తొట్లలో పోశాను. అతను కర్ర పట్టుకుని తిప్పుతున్నాడు.

తునక చింపి జాడించాను. ముదురుగానే ఉంది. తడి కదా అనుకున్నాను. వెనక రెండు రకాల గుడ్డలు కాచుకుని ఉన్నాయి, గంటన్నర కూర్చోవడానికి ఓపిక లేదు. నిజం చెప్పాలంటే, అతని ఎదురుగా గంటన్నర కూర్చోవడానికి ఓపిక లేదు.

"కొలత సరిగ్గా వేశాం. తీసేయండి" అన్నాను.

"తునక ఆరలేదండీ."

"పుస్తకం ఆరింది కదా. తీయండి."

తీశాడు. ఆరువందల మీటర్లు.

దండేల మీద రెండు రోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. మూడోరోజు పొద్దున అత్తయ్య ఒక అంచు పట్టుకుని వెలుతురుకు పెట్టింది. "ఏమేవ్, ఇది కట్టుకుని నర్సులు వెళ్తే రోగులు సెక్యూరిటీ గార్డులనుకుంటారు" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళు నవ్వలేదు.

"నీకు చత్వారం అత్తా" అన్నాను. గొంతు మాత్రం నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆసుపత్రిలో స్టోర్సు చూసే ఆయన నెమ్మదస్తుడు. నాన్న అంటే గౌరవం. బీరువాలోంచి ముప్పై ఏళ్ళ నాటి అసలు గుడ్డముక్క తీసి, మా గుడ్డ పక్కన పరిచాడు. చెప్పాల్సిన పనే లేదు.

"అమ్మా, ఇది మా నీలం కాదు."

"తప్పు జరిగింది. మళ్ళీ వేసిస్తాను."

"మీ నాన్నగారి దగ్గర ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఇలా..." అని ఆగిపోయాడు. ఆయన ఆగడమే నాకు ఎక్కువ తగిలింది. "ఒకటో తారీఖు దాకా చూస్తాను. కొత్త బ్యాచి నర్సులు రెండున చేరతారు. అప్పటికి రాకపోతే మిల్లుకు ఇచ్చేయక తప్పదు. నా చేతుల్లో లేదమ్మా."

మిల్లు. మాస్టరు చేరబోయే మిల్లే.

షెడ్డుకొచ్చి తునకల పుస్తకం తీసుకుని ఉత్తరపు కిటికీ దగ్గర కూర్చున్నాను. నా తూకంలో తప్పెక్కడ వచ్చిందో పట్టుకోవాలని. ఆ మధ్యాహ్నం వాన కాసేపు తెరిపిచ్చింది, వెలుతురు తెల్లగా, శుభ్రంగా పేజీ మీద పడింది.

ఎనిమిదేళ్ళ కిందటి పేజీలో నూట ఇరవై అని ఉంది. మరుసటేడు నూట ముప్పై. తర్వాత నూట నలభై, నూట యాభై అయిదు, నూట డెబ్భై. నాన్న రాత ఏడాదేడాదికీ పెద్దదవుతోంది, వంకర తిరుగుతోంది. అన్నీ ఆయన రాతే.

కానీ తునకలు మారలేదు. మొదటి తునకకూ చివరి తునకకూ వెంట్రుకవాసి తేడా లేదు. నూట ఇరవైకీ అదే నీలం, నూట తొంభైకీ అదే నీలం. అది జరగని పని. కెమిస్ట్రీ చదివినదాన్ని, అంతమాత్రం తెలుసు. పుస్తకంలో ఏం రాసినా, తొట్టిలో పడింది మాత్రం ప్రతి నెలా నూట ఇరవై. మిగిలినదాన్ని ఎవరో తీసి పక్కన పెట్టారు, మైనం వేసి, తేదీ రాసి.

నాన్న ఎందుకు పెంచుతూ పోయారు?

నాలుగేళ్ళ కిందట నేను ఆయనకో చొక్కా పంపాను. లేతనీలం. ఆసుపత్రి నీలానికి దగ్గరగా ఉందని ఏరి కొన్నాను. ఫోనులో ఆయన "బూడిదరంగు ఎందుకు పంపావే? నేనంత ముసలాణ్ణయ్యానా?" అన్నారు. ఏం పంపినా వంక పెడతారని ఒళ్ళు మండి, ఆ తర్వాత బట్టలు పంపడం మానేశాను.

ఆ చొక్కా గుర్తొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. పుస్తకం తడవకుండా అవతలికి నెట్టి ఏడ్చాను.

*

అతను వెనకవైపు బావి దగ్గర కర్రలు కడుగుతున్నాడు.

"నాన్నకు నీలం కనపడేది కాదు. అవునా?"

కర్ర నేలమీద పెట్టాడు. తలూపాడు.

"ఎప్పట్నుంచి?"

"మీరు వెళ్ళే ముందు రోజు సాయంత్రం నాకు చెప్పారు. రెండు తునకలు చేతికిచ్చి, ఏది ముదురురా అని అడిగారు. చిన్నపిల్లాడికి కూడా తెలిసే తేడా. పక్క ఊళ్ళో కంటి డాక్టరుకు చూపించుకున్నారట. నరంలో ఉందిట, ఆపరేషను లేదుట. రంగుల షెడ్డు యజమానికి రంగు తెలియదని బయటపడితే ఒక్క గుడ్డ కూడా రాదు, రెండు నెలలుండి పని నిలబెట్టు, తర్వాత వెళ్ళిపో అన్నారు."

"నాకు చెప్పొచ్చుగా."

"ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నారు. మీకు అసలే వద్దన్నారు. తెలిస్తే ఉద్యోగం మానేసి ఇక్కడే కూర్చుంటుందిరా అన్నారు." గొంతు తగ్గించాడు. "రెండు నెలల తర్వాత రాశాను. ఒట్టు తప్పి మొత్తం రాశాను. రెండుసార్లు."

ఆ కవర్లు నాకు గుర్తున్నాయి. రెండోది బరువుగా ఉండింది.

"తర్వాత ఆయనకు నమ్మకం కుదిరింది" అన్నాడు. "గుడ్డ వేసిన ప్రతిసారీ ఆసుపత్రి తీసుకుంటోంది కదా. డాక్టరుకేం తెలుసురా, నా కన్ను బాగానే ఉంది అనేవారు. పాలిపోయింది, ఇంకో పది పెంచు అనేవారు. అలాగేనండీ అనేవాణ్ణి. ఆ పది తీసి డబ్బాలో వేసేవాణ్ణి. ఆయన పొడి పారబోయడానికి చేతులు రాలేదు."

"మరి నేను నూట తొంభై తూస్తుంటే? ఆరువందల మీటర్లు పాడవుతుంటే? చూస్తూ ఊరుకున్నావు!"

నువ్వు అనేశానని అన్న తర్వాత తెలిసింది.

"ఆరలేదని చెప్పాను."

"అది చెప్పడమా? చెయ్యి పట్టుకుని ఆపాలి! పుస్తకం తప్పని అరవాలి!"

"పుస్తకం తప్పంటే ఆయన గురించి చెప్పాలి." చూపు తిప్పుకున్నాడు. "అదొక్కటే కాదు. పదిమంది ముందు దొంగన్నావు. కానివ్వు, చూద్దాం అనుకున్నాను. అది నా తప్పు. ఆ రోజు నుంచీ నిద్ర లేదు."

నాకు కోపం తగ్గలేదు. ఏ కోపం ఎవరి మీదో విడదీయడం కూడా చేతకాలేదు. "మీరిద్దరూ కూర్చుని నా బతుకు తేల్చేశారు" అన్నాను. "నన్నొక్క మాట అడగలేదు. ఆయనకు చూపు తగ్గుతోందని తెలిస్తే నేను వచ్చేదాన్ని. చొక్కా బూడిదరంగన్నారని ఆయనతో దెబ్బలాడాను తెలుసా? అలా దెబ్బలాడే హక్కు నాకు ఎవరిచ్చారు? నువ్విచ్చావు, దాచిపెట్టి."

అతను తల వంచుకున్నాడు. "వెళ్ళడానికి భయం కూడా వేసింది" అన్నాడు నెమ్మదిగా. "ఆ ఊళ్ళో నేను టీచరమ్మ మొగుణ్ణి. ఇక్కడ నేను లేకపోతే షెడ్డు లేదు. ఆ మాట ఉత్తరంలో రాయలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

అది విన్న తర్వాతే నేను అతన్ని పూర్తిగా నమ్మాను. గొప్పవాడిలా నిలబడి ఉంటే బహుశా నమ్మేదాన్ని కాదు. అతని మీద ప్రేమ చావలేదని కూడా అప్పుడే తెలిసింది. తెలిసి, ఇంకా కోపమొచ్చింది.

ఆ మధ్యాహ్నమే పనివాళ్ళందరినీ పిలిచి, మాస్టరును దొంగన్నది నా తప్పని చెప్పాను. పొడి ఎందుకు మిగిలిందో మాత్రం చెప్పలేదు. అందరూ గుడ్లప్పగించి చూశారు. అత్తయ్య ఒక్కతే ఏమీ ఎరగనట్టు దండెం తుడుచుకుంటోంది.

"నీకు తెలుసా?" అని అడిగాను తర్వాత.

"ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, మీ నాన్న పచ్చ చెప్పొకటీ నీలం చెప్పొకటీ వేసుకుని తిరుగుతుంటే నాకు తెలియదా?" అంది. "నువ్వెప్పుడైనా అడిగావా?"

*

తొమ్మిది రోజులున్నాయి. పాడైన ఆరువందల మీటర్లను లేతగా మార్చలేం. ముదురు చేయగలం. వార్డు అటెండర్ల యూనిఫారాలకు ముదురునీలం పనికొస్తుందా అని స్టోర్సు ఆయన్ను ఫోనులో అడిగాను. చూపించమన్నారు. మైనం వేసిన డబ్బాలు ఒక్కొక్కటే విప్పాం. ఎనిమిదేళ్ళ నీలం. ఒక్కో మూత తీస్తున్నప్పుడు అతను తేదీ చదివి, పక్కన పెట్టేవాడు. నేను నెమ్మదిగా తూచేదాన్ని. అయిదు డబ్బాలతో గుడ్డ మొత్తం నల్లబడే నీలంలోకి తిరిగింది. స్టోర్సు ఆయన దాన్ని తీసుకున్నారు, ఆయన మొహం కాస్త విచ్చుకుంది.

తెల్లగుడ్డ కొత్తగా తెప్పించాను. నాలుగు తొట్లు ఒకేసారి వద్దు, ఒక్కొక్కటే వేద్దామన్నాడు. తొట్టికి నూట యాభై మీటర్లు.

"నూట ఇరవై అని నోటికొచ్చింది కదా అని కూర్చోకు" అన్నాడు. "వాన నీళ్ళు బావిలోకి దిగితే రంగు గబుక్కున పడుతుంది. ఒకరోజు నూట ఇరవై, ఒకరోజు నూట పద్దెనిమిది. నీళ్ళు చూడు, తునక చూడు."

చూడటం నేర్చుకున్నాను. మొదటి తొట్టికి అతను చెప్పింది విన్నాను. రెండోదానికి వాదించాను. మూడోదానికి నేనే చెప్పాను, అతను ఒప్పుకున్నాడు. తునక ఆరేదాకా కిటికీ కింద బల్ల మీద చెరో చివర కూర్చునేవాళ్ళం. మిల్లు ఊసు ఎత్తకూడదని నాకు, బస్సు ఊసు ఎత్తకూడదని అతనికి, ఎవరూ చెప్పని కట్టుబాటు. నాలుగో తొట్టి ఒకటో తారీఖు పొద్దుటికి మిగిలింది. అది అయితే సాయంత్రానికి ఆసుపత్రికి చేరాలి, కాకపోతే మూడు తొట్ల పనీ వృథా.

"ఇది నువ్వే వెయ్యి" అన్నాడు ముందురోజు వెళ్తూ. "నాకు పదకొండింటికి బస్సు. దారిలో ఆగి చెప్పి వెళ్తాను."

రాత్రంతా కుంభవృష్టి. పొద్దున బావి నీళ్ళు పై వరస రాయి దాకా ఉన్నాయి. దోసిట్లో తీసుకుని చూశాను. పుస్తకం మూసేసి, నూట పద్నాలుగు లెక్కన తూచాను. అంత తక్కువ నాన్న కాలంలో ఎవరూ వెయ్యలేదు.

తొమ్మిదిన్నరకు అతను వచ్చాడు. ఉతికిన చొక్కా, భుజాన సంచీ. చేతులు తోముకున్నా గోళ్ళ చుట్టూ నీలం పోలేదు. సంచీని గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించి లోపలికొచ్చాడు.

"ఎంత వేశావు?"

"చెప్పను. తునక చూసి నువ్వే చెప్పు."

తునక అప్పుడే చింపాను. జాడించి, కిటికీ మేకుకు తగిలించాను. నీళ్ళు కారుతున్నాయి. అతను దగ్గరికెళ్ళి చూశాడు.

"తడిగా ఉంది."

"ఆరిన తర్వాత చూడు."

"పదకొండుకు బస్సు."

"నీ ఇష్టం."

"మిల్లువాళ్ళకు మాటిచ్చాను."

"నాకూ ఇచ్చావు" అన్నాను. "ఏడింటి బస్సుకు."

బల్ల మీద తన చివర కూర్చున్నాడు. నేను నా చివర కూర్చున్నాను. పనివాడొకడు తొట్టిలో గుడ్డను మెల్లగా తిప్పుతున్నాడు. పదయింది. తునక కిందివైపు నుంచి చుక్కలు ఆగిపోయాయి. పదిన్నరయింది.

ఇస్త్రీపెట్టె అలమరలో పై అరలోనే ఉంది. రంగు రవంత మారినా, తొందరలో ఉన్నవాడికి ఓ నిమిషంలో లెక్క తేలిపోతుంది. అది అక్కడుందని అతనికి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం దాని ఊసెత్తలేదు.

పదీ నలభైకి అత్తయ్య వచ్చింది, చేతిలో ఆ ఇస్త్రీపెట్టే. "బస్సుకు టైమవుతోంది కదర్రా, ఈ ఒక్కసారికీ..." అంటూ వచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగింది. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని వైరు తెగినట్టుంది" అని గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది. వైరు శుభ్రంగా ఉంది.

"అంచులు ఆరాయి" అన్నాడు అతను.

"మధ్యలో ఇంకా తడి" అన్నాను.

మలుపులో బస్సు హారను వినిపించింది. అతను లేవలేదు. అటు చూస్తే ఏం కనపడుతుందోనని కిటికీ మీంచి చూపు తిప్పలేదు. హారను ఇంకోసారి మోగింది, ఈసారి దూరంగా.

పదకొండూ పదికి అతను తునకను మేకు మీంచి తీశాడు. పుస్తకంలోని పాత తునక పక్కన పెట్టాడు. వంగి చూశాడు, నిలబడి చూశాడు, వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"రవంత లేతగా ఉందేమో" అన్నాడు. తర్వాత పుస్తకం నా వైపు జరిపాడు. "నువ్వేమంటావు?"

ఎనిమిదేళ్ళ కిందట నన్ను అడగని మాట అది. తునకను నేనూ వెలుతురుకు పెట్టి చూశాను.

"సరిపోయింది" అన్నాను చివరికి.

"గట్టిగానేనా?"

"గట్టిగానే."

అతను తొట్టి దగ్గరికెళ్ళి, గుడ్డ అంచు నుంచి ఇంకో తునక చింపాడు. జాడించి తెచ్చి, అదే మేకుకు తగిలించాడు. "ఇంకోటి చూద్దాం. ఇద్దరం ఒప్పుకునేదాకా" అన్నాడు. అంటే ఇంకో గంటన్నర.

పుస్తకంలో ఆ పేజీలో ఇప్పటికీ రెండు తునకలుంటాయి, ఒకదాని కింద అతని రాత, ఒకదాని కింద నాది. ఉన్న ఫ్యాన్లన్నీ ఆ ఒక్క తొట్టి గుడ్డ మీదే తిప్పి ఆరబెట్టి, ఆ సాయంత్రమే మొత్తం ఆసుపత్రికి చేర్చాం. స్టోర్సు ఆయన దగ్గర్నుంచి మాట రాలేదు.

అదంతా తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం వాన మళ్ళీ ఎత్తుకుంది, జల్లు గుమ్మంలోకి కొడుతోంది. బయట్నుంచి అత్తయ్య కేకేసింది.

"ఒరే అబ్బాయ్, నీ సంచీ తడిసిపోతోంది. లోపల పెట్టనా?"

అతను నా వైపు చూశాడు. నేను బల్ల మీద కాస్త అతని చివర వైపు జరిగాను.

"పెట్టండి, అత్తయ్యా" అన్నాడు.